గట్టితనం వేరు, మన్నిక వేరు

నీళ్ళలో ఉన్న గేదెను బేరమాడినట్లు అని తెలుగువారి సామెత. కొమ్ములు, వీపు మాత్రమే పైకి కనబడతాయి. కాళ్ళు ఎట్లా ఉన్నవో, పొదుగు ఎట్లా ఉన్నదో గట్టుకు వచ్చిన తరువాత గాని తెలియదు. అంగడిలో గాజు బల్ల మీద మెరిసే స్మార్ట్‌ఫోనును కొనడం ఇంచుమించు ఇట్టి బేరమే. రంగు కనబడుతుంది, కెమెరా కన్నులెన్నో కనబడుతుంది, ధర చీటీ సరేసరి. అది ఎన్నేళ్ళు మన్నుతుందన్న ప్రశ్నకు జవాబు మాత్రం పైకి కనబడదు.

1995 జూలై 31వ తేదీన నాటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతి బసు కలకత్తా నుండి, ఢిల్లీలో ఉన్న కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడడంతో మన దేశంలో మొబైల్ టెలిఫోను శకం ఆరంభమైంది. ఆనాడు ఫోను చెడిపోతే ఆగేది సంభాషణ మాత్రమే. నేడు పరిస్థితి వేరు. 2016లో యూపీఐ వచ్చిన తరువాత కూరగాయల బండివాని గల్లాపెట్టె ఫోనులోకి చేరింది. బ్యాంకు పంపే రహస్య సంఖ్య, రైలు టిక్కెట్టు, వృద్ధుల పింఛనుకు కావలసిన జీవన ధ్రువపత్రం, విద్యార్థి హాల్ టిక్కెట్టు, అన్నీ ఆ అరచేతి పలకలోనే. అది మొరాయించిన పూట ఇంట్లో సగం పనులు ఆగిపోతాయి. ఒక నెల సంపాదనను, ఒక్కొక్కప్పుడు అంతకు మించినదానిని వెచ్చించి మరొకటి కొనవలసిన కుటుంబానికి ఇది విలాసపు ప్రశ్న కానే కాదు.

మూడు రాళ్ళ పొయ్యి

మన్నిక అనగానే చాలామందికి జ్ఞాపకం వచ్చేది నోకియా 1100. 2003లో మన దేశం వంటి దేశాలను దృష్టిలో ఉంచుకొని రూపొందించిన ఆ ఫోనుకు దుమ్ము చొరని మీటల పలక, చేతిలో జారని అంచులు, చీకటిలో దారి చూపే టార్చి ఉండేవి. ప్రపంచమంతటా 25 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. దాని బ్యాటరీ పేరు బీఎల్-5సీ. గోటితో వెనుక మూత తీసి, పాతది పారవేసి, కిరాణా దుకాణంలో కొన్న కొత్తదానిని అమర్చుకుంటే ఫోనుకు మళ్ళీ యౌవనం వచ్చేది.

ఆ ఫోను దీర్ఘాయువుకు కారణం దాని గట్టితనం ఒక్కటే కాదు. మొదట అరిగిపోయే భాగాన్ని ఎవరైనా మార్చుకోగలగడం అసలు కారణం. అదీగాక, ఆనాటి ఫోను తన పని తాను చేసుకుపోయే యంత్రం. ఎక్కడో దూరాన ఉన్న కంపెనీ నెలనెలా పంపే అప్‌డేట్‌తో దానికి నిమిత్తం లేదు. ఈనాటి ఫోను అట్లా కాదు. దాని ఆయుష్షు మూడు రాళ్ళ పొయ్యి మీద పెట్టిన కుండ వంటిది. మొదటి రాయి బ్యాటరీ, రెండవది సాఫ్ట్‌వేరు, మూడవది శరీరం, అనగా గాజు, చట్రం, మీటలు, ఛార్జింగు రంధ్రం. ఏ ఒక్క రాయి కుంగినా కుండ ఒరిగిపోతుంది. మిగిలిన రెండు రాళ్ళు ఎంత గట్టివైనా ప్రయోజనం లేదు.

కాబట్టి కొత్తదానికి బయలుదేరే ముందు పాత ఫోనులో ఏ రాయి కుంగిందో తెలుసుకోవడం అవసరం. సాయంత్రానికి ముందే ఛార్జి అయిపోతున్నదా? అది బ్యాటరీ వ్యాధి, మందు ఉన్నది. నెమ్మదించిందా? నిండిపోయిన ఫొటోలు, వీడియోలు కారణం కావచ్చు. వాటిని మరొక చోట భద్రపరచి ఖాళీ చేస్తే తేరుకోవచ్చు. ఛార్జరు తీగ నిలవడం లేదా? రంధ్రంలో పేరుకున్న దుమ్మును బాగుచేసేవానిచేత తీయిస్తే సరిపోవచ్చు. అప్‌డేట్‌లే ఆగిపోయినట్లయితే మాత్రం చికిత్స లేదు. అప్పుడే కొత్తదాని విచారం.

బ్యాటరీ ఆయుర్దాయం

ఫోనులో ఉండేది లిథియం అయాన్ బ్యాటరీ. 1991లో జపానులో సోనీ సంస్థ దీనిని మొదటిసారి వ్యాపార స్థాయిలో అమ్మకానికి తెచ్చింది. దీని రూపకల్పనకు గాను గుడెనఫ్, విట్టింగ్‌హామ్, యోషినో అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఎంత గొప్ప సృష్టి అయినా దీనికి ముసలితనం తప్పదు. నిండడం, ఖాళీ కావడం అనే ప్రతి ఆవృత్తిలోనూ లోపలి పదార్థం కొద్దికొద్దిగా పని చేసే శక్తిని కోల్పోతుంది. నేడు సగం, రేపు సగం వాడినా కలిపి ఒక ఆవృత్తిగానే లెక్క.

ఐరోపా సమాఖ్య 2025 జూన్ 20 నుండి అమలులోకి తెచ్చిన నిబంధనల ప్రకారం, అక్కడ అమ్మే స్మార్ట్‌ఫోను బ్యాటరీ 800 ఆవృత్తుల తరువాత కూడా తొలి సామర్థ్యంలో కనీసం 80 శాతం నిలుపుకోవాలి. రోజుకొక ఆవృత్తి చొప్పున 800 అంటే రెండేళ్ళ రెండు నెలలకు పైమాట. కొనేవారు ఈ సంఖ్యను గురించి విచారించడం నేర్చుకోవాలి. 5000 మిల్లీయాంపియర్ గంటలు అని పెట్టె మీద ముద్రించిన అంకె ఒక రోజు సంగతి చెబుతుంది. ఆవృత్తుల సంఖ్య సంవత్సరాల సంగతి చెబుతుంది.

బ్యాటరీకి పరమ శత్రువు వేడి. ఫోనును 35 డిగ్రీల సెంటీగ్రేడు లోపు వాతావరణంలో వాడవలెనని ఆపిల్, శాంసంగ్ వంటి సంస్థలు సూచిస్తాయి. నాగపూరు, జైపూరు, రామగుండం వేసవులలో నీడలోనే ఆ హద్దు దాటిపోతుంది. మోటారు సైకిలు ముందు భాగాన ఎండలో ఫోను బిగించి దారి చూసుకుంటూ సరుకులు చేరవేసే కుర్రవాని బ్యాటరీ, కార్యాలయంలో కూర్చున్న ఉద్యోగి బ్యాటరీ కంటే ముందే అలసిపోతుంది. దిండు కింద పెట్టి ఛార్జి చేయడం, కారు అద్దం వెనుక ఎండలో వదలడం, ఛార్జి అవుతుండగా ఆటలాడడం మానుకుంటే కొన్ని నెలల ఆయువు మిగులుతుంది. ఎప్పుడూ నూరు శాతం నింపక, పూర్తిగా ఎండనివ్వక 20, 80 శాతాల నడుమ ఉంచడం మేలు. 80 వద్ద ఆగే ఏర్పాటు నేడు అనేక ఫోన్లలో ఉన్నది.

ఇక్కడ ఒక ఉదంతం గమనించదగినది. బ్యాటరీ పాతబడిన ఐఫోన్లు ఉన్నట్టుండి ఆగిపోకుండా వాటి వేగాన్ని సాఫ్ట్‌వేరు ద్వారా తగ్గించిన సంగతిని ఆపిల్ సంస్థ 2017 డిసెంబరులో అంగీకరించింది. ఆ తరువాత క్షమాపణ చెప్పుకొని, బ్యాటరీ మార్పిడి రుసుమును అమెరికాలో 79 డాలర్ల నుండి 29 డాలర్లకు తగ్గించింది. ఈ సంగతిని వాడుకరులకు ముందుగా తెలుపనందుకు 2020 ఫిబ్రవరిలో ఫ్రాన్సులో రెండున్నర కోట్ల యూరోల జరిమానా పడింది. ఫోను ముసలిదయిందని భావించి కొత్తది కొన్నవారికి కావలసింది నిజానికి కొత్త బ్యాటరీ మాత్రమే కావచ్చునన్నది ఇందులోని పాఠం.

కనబడని గడువు

రెండవ రాయి సాఫ్ట్‌వేరు. మందు సీసా మీద గడువు తేదీ ఉంటుంది, బిస్కెట్టు పొట్లం మీద ఉంటుంది. ఫోను పెట్టె మీద మాత్రం వెతికినా కనబడడం అరుదు. అయినా ఆ గడువు ఉన్నది. తయారీదారు భద్రతా అప్‌డేట్‌లు పంపడం మానిన నాటి నుండి, కొత్తగా బయటపడే లోపాలను మూసే నాథుడు ఉండడు. బ్యాంకు యాప్‌లు ఒకటొకటిగా పాత సాఫ్ట్‌వేరు మీద పని చేయడం మానివేస్తాయి. 2025 జనవరి 1 నుండి ఆండ్రాయిడ్ 4.4, అంతకు పూర్వపు ఫోన్లపై వాట్సాప్ పని చేయడం ఆగిపోయింది. ఆ ఫోన్లలో గాజు పగలనివి, మీటలు అరగనివి ఎన్నో ఉండి ఉంటాయి. వస్తువు బాగానే ఉన్నది, దాని కాలం మాత్రం తీరిపోయింది.

ఈ విషయంలో ఇటీవల కొంత మేలు జరిగింది. 2023 అక్టోబరులో వచ్చిన పిక్సెల్ 8కు గూగుల్ సంస్థ ఏడేళ్ళ అప్‌డేట్‌లు వాగ్దానం చేసింది. 2024 జనవరిలో గెలాక్సీ ఎస్24తో శాంసంగ్ కూడా అదే మాట ఇచ్చింది. 2015లో వచ్చిన ఐఫోన్ 6ఎస్‌కు 2021 నాటి ఐఓఎస్ 15 వరకు కొత్త సాఫ్ట్‌వేరు అందింది. తక్కువ ధర ఫోన్లలో ఈ కాలం చాలా కురచగా ఉండడం పరిపాటి. అయితే అన్నీ ఒకే విధంగా లేవు. ఒకే ధరకు దొరికే రెండు ఫోన్లలో ఒకదానికి రెండేళ్ళు, మరొకదానికి ఐదారేళ్ళు అప్‌డేట్‌లు ఉండవచ్చు. అడిగినవారికే తెలుస్తుంది.

అడిగేటప్పుడు రెండు మెలకువలు అవసరం. కొత్త ఆండ్రాయిడ్ రకాలు ఎన్నేళ్ళు వస్తాయి, భద్రతా అప్‌డేట్‌లు ఎన్నేళ్ళు వస్తాయి అని విడివిడిగా అడగాలి. మన్నికకు రెండవదే ముఖ్యం. ఇక, ఆ సంవత్సరాల లెక్క సాధారణంగా ఫోను విపణిలో విడుదలైన నాటి నుండి సాగుతుంది, కొన్న నాటి నుండి కాదు. నాలుగేళ్ళ వాగ్దానం గల ఫోనును విడుదలైన రెండేళ్ళకు పండుగ తగ్గింపులో కొన్నవారికి మిగిలేది రెండేళ్ళే. తగ్గింపు ధరలో ఇంత భాగం తగ్గిపోయిన ఆయుష్షు వెల అని గ్రహించాలి.

గాజు, నీరు, ధూళి

మూడవది శరీరం. అందరూ మొదట చూసేది దీనినే. ఫోను ముఖానికి వాడే దృఢమైన గాజు తయారీలో ఒక చమత్కారం ఉన్నది. గాజు పలకను దాదాపు 400 డిగ్రీల వేడి గల కరిగిన పొటాషియం లవణంలో ముంచుతారు. గాజులోని చిన్న సోడియం అయాన్లు బయటకు పోయి, వాటి స్థానంలో పెద్దవైన పొటాషియం అయాన్లు ఇరుక్కుంటాయి. ఆ ఇరుకు వలన పైపొర గట్టిగా బిగుసుకొని, పగుళ్ళను అంత తేలికగా పాకనివ్వదు. అమెరికాలోని కార్నింగ్ సంస్థ తయారు చేసే గొరిల్లా గ్లాసు ఇట్టిదే.

అయినా ఇసుక దానిని గెలుస్తుంది. మోస్ కాఠిన్య మానంలో ఇసుకలోని క్వార్ట్‌జ్ స్థానం 7. ఫోను గాజు మీద సాధారణంగా 6 ప్రాంతంలోనే గీతలు మొదలవుతాయి. జేబులోని చిల్లర నాణెం కంటే, జేబు మూలలో చేరిన ఇసుక రేణువే ప్రమాదకరం. గీత పడిన చోటనే తరువాత పగులు పుట్టడం సహజం. గాజును అంచులలో వంచి చేసిన ఫోను చూపుకు సొగసుగా ఉంటుంది గాని, జారిపడినప్పుడు మొదటి దెబ్బ ఆ వంపుకే తగులుతుంది. చదునైన ముఖం, చుట్టూ కాస్త ఎత్తుగా నిలిచే మంచి రబ్బరు తొడుగు, పైన మార్చుకోదగిన గాజు పొర, ఈ మూడింటికి అయ్యే ఖర్చు అద్దం మార్పిడి ఖర్చులో స్వల్ప భాగం.

ఐపీ68 వంటి సంకేతాలను కూడా అర్థం తెలిసి చదవాలి. మొదటి అంకె ధూళికి, రెండవ అంకె నీటికి. 6 అంటే ధూళి చొరదు. 7 అంటే ఒక మీటరు లోతు నీటిలో అరగంట తట్టుకుంటుంది. 8 అంటే అంతకు మించి తయారీదారు ప్రకటించిన మేరకు తట్టుకుంటుంది. ఈ పరీక్షలు ప్రయోగశాలలో, కొత్త ఫోను మీద, మంచినీటితో జరుగుతాయి. సముద్రపు ఉప్పునీరు, సబ్బునీరు ఆ లెక్కలోకి రావు. ఫోను పాతబడిన కొద్దీ లోపలి బిగింపులు సడలుతాయి. నీరు చేరి చెడితే చాలా వారంటీలు వర్తించవు. కాబట్టి ఆ సంకేతం వానలో తడిసిన నాటికి ఆపద్ధర్మంగా ఆదుకునేదే గాని, స్నానఘట్టానికి అనుమతి పత్రం కాదు.

మరమ్మతు మార్గం

హైదరాబాదు అబిడ్స్‌లోని జగదీష్ మార్కెట్టు, ఢిల్లీ కరోల్ బాగ్‌లోని గఫార్ మార్కెట్టు, చెన్నై రిచీ వీధి, బెంగుళూరు ఎస్.పి. రోడ్డు, ఇవి పాత యంత్రాలకు ప్రాణం పోసే చోట్లు. భూతద్దం కింద వెంట్రుక వంటి తీగలను అతికే ఈ పనివారి నైపుణ్యం దేశానికి గొప్ప ఆస్తి. అయితే వారికి అసలైన విడిభాగాలు దొరకాలి, ఫోను విప్పడానికి వీలుగా ఉండాలి. బ్యాటరీని జిగురుతో అతికించి, వెనుక గాజును వేడిచేస్తే గాని ఊడిరాని విధంగా అమర్చినప్పుడు ఎంతటి పనివాడైనా ఇబ్బంది పడతాడు.

నెదర్లాండ్స్‌లోని ఫెయిర్‌ఫోన్ సంస్థ సాధారణ స్క్రూడ్రైవరుతో విప్పుకోదగిన ఫోన్లను తయారు చేసి, ఇది అసాధ్యమేమీ కాదని నిరూపించింది. ఐరోపా సమాఖ్య నిబంధనల మేరకు, ఒక రకం ఫోను అమ్మకం ఆగిన తరువాత ఏడేళ్ళ పాటు ముఖ్యమైన విడిభాగాలు లభించాలి, ఐదేళ్ళ పాటు అప్‌డేట్‌లు అందాలి. మన దేశంలో 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కుపై ఒక సంఘాన్ని నియమించింది. అదే ఏడాది డిసెంబరులో తయారీదారుల మరమ్మతు వివరాలను ఒకచోట చేర్చే పోర్టల్‌ను ప్రారంభించింది. విడిభాగాల లభ్యత, విప్పడంలోని సౌలభ్యం, అప్‌డేట్‌ల కాలం మొదలైనవి కలిపి ఫోన్లకు మరమ్మతు సూచికను ఇవ్వాలని మరొక సంఘం 2025 మే నెలలో నివేదించింది. అట్టి సూచిక ప్రతి పెట్టె మీద కనబడిన నాడు నీళ్ళలోని గేదె గట్టుకు వచ్చినట్లే.

అంతవరకు కొనేవారే విచారించుకోవాలి. ఆ కంపెనీ సేవా కేంద్రం తమ ఊళ్ళోనో, దగ్గరి పట్టణంలోనో ఉన్నదా? అక్కడ అద్దం మార్చడానికి ఎంత, బ్యాటరీ మార్చడానికి ఎంత? కొనక పూర్వమే ఒక్కసారి ఫోను చేసి అడిగితే తెలుస్తుంది. అద్దం మార్పిడి ఖర్చు ఫోను ధరలో సగానికి చేరువగా ఉంటే, ఒక్క జారుపాటుతో దాని కథ ముగిసినట్లే.

నెలకు ఎంత?

ఫోనులోని భాగాలలో రెండు రకాలున్నవి. బ్యాటరీ, అద్దం, తొడుగు తరువాత మార్చుకోదగినవి. జ్ఞాపకశక్తి, ప్రాసెసరు, 5జీ సౌకర్యం, అప్‌డేట్‌ల గడువు పుట్టుకతో వచ్చేవి. అవి తరువాత డబ్బు పోసినా పెరగవు. చేతిలో ఉన్న అదనపు సొమ్మును ఈ రెండవ రకం మీదనే పెట్టడం వివేకం. ఐదేళ్ళు వాడదలచినవారు 128 జీబీకి తక్కువ నిల్వ గలదానిని కొనకపోవడం మంచిది. దేశంలో 2022 అక్టోబరు 1న 5జీ ఆరంభమైంది గనుక, ఆ సౌకర్యం లేనిదానిని ఇప్పుడు కొనడం దూరదృష్టి అనిపించుకోదు.

ఇక ధర. ఉదాహరణకు 12,000 రూపాయల ఫోను రెండేళ్ళకే మూలబడితే నెలకు 500 రూపాయలు పడినట్లు. 24,000 రూపాయల ఫోనుకు నడుమ 3,000 పెట్టి బ్యాటరీ మార్చి, ఐదేళ్ళు వాడితే నెలకు 450. 80,000 రూపాయల ఫోనును రెండుసార్లు 5,000 చొప్పున బ్యాటరీ మార్చి ఏడేళ్ళు వాడినా నెలకు వెయ్యి దాటుతుంది. కాబట్టి చవకదల్లా పొదుపు కాదు, ఖరీదైనదల్లా మన్నికా కాదు. ధరను సంవత్సరాలతో భాగించి చూసినప్పుడే అసలు వెల తేలుతుంది.

వాడిన ఫోనును కొనేవారు మరొక జాగ్రత్త పాటించాలి. *#06# నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ సంఖ్య కనబడుతుంది. కేవైఎం అనే మూడు ఆంగ్లాక్షరాలు, కొంత ఖాళీ, తరువాత ఆ సంఖ్య వ్రాసి 14422కు సందేశం పంపితే ఆ పరికరం వివరాలు తెలుస్తాయి. దొంగ సొత్తుగా నిలిపివేసినదయితే బయటపడుతుంది. కొత్తదయినా, పాతదయినా రసీదు లేనిదే డబ్బు చెల్లించరాదు. వివాదం వస్తే జాతీయ వినియోగదారు సహాయ కేంద్రం సంఖ్య 1915.

పాతదానికి వీడ్కోలు

కొత్తది వచ్చిన తరువాత పాతదానిని సొరుగులో పడవేయడం చాలా ఇళ్ళలో అలవాటు. ఇది మంచిది కాదు. మూలబడిన బ్యాటరీ ఉబ్బవచ్చు. ఉబ్బినదానిని పొడవడం, నొక్కడం, ఛార్జి చేయడం అపాయకరం. పని చేసే ఫోనయితే అందులోని సమాచారాన్ని భద్రపరచి, ఖాతాల నుండి బయటకు వచ్చి, అంతా చెరిపివేసి ఇంట్లో మరొకరికి ఇవ్వవచ్చు. అయితే అప్‌డేట్‌లు ఆగినదానిలో బ్యాంకు వ్యవహారాలు పెట్టుకోరాదు. పని చేయనిదానిని 2023 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న ఎలక్ట్రానిక్ వ్యర్థాల నియమాల ప్రకారం గుర్తింపు పొందిన సేకరణ కేంద్రానికి చేర్చాలి. చెత్తబుట్టలో వేసిన బ్యాటరీ చెత్త బండిలో నలిగి మంటలు లేపగలదు.

ఒక ఫోను తన జీవితకాలంలో పర్యావరణానికి కలిగించే భారంలో అధిక భాగం అది తయారయ్యేటప్పుడే పడుతుంది. ఉన్న ఫోనును మరొక ఏడాది నడిపించడం కంటే మించిన పొదుపు లేదు, ఇంటికీ, భూమికీ కూడా. ఆ ఏడాది సైతం గడచి కొత్తది తప్పనప్పుడు, అంగడిలో అడగవలసిన ప్రశ్నలు మూడే: అప్‌డేట్‌లు ఏ సంవత్సరం వరకు వస్తాయి? బ్యాటరీ మార్చడానికి ఎంత అవుతుంది? పగిలితే బాగుచేసేవారు ఎంత దూరంలో ఉన్నారు? ఈ మూడింటికి సూటిగా జవాబు చెప్పలేని అమ్మకందారు వద్ద కెమెరా కన్నులు లెక్కపెట్టుకుంటూ కాలయాపన చేయనక్కరలేదు. పక్క దుకాణం తెరిచే ఉంటుంది.